మావారి అండర్‌ప్లే

మావారి కనుబొమలకు విడిగా ఒక మేకప్‌మ్యాన్‌ని పెట్టాలని ఇండస్ట్రీలో ఒక జోకు ఉండేది. దాన్ని పుట్టించింది నేనేనని ఆయన అనుమానం. నేను కాదు. పుట్టించి ఉంటే బాగుండేదని మాత్రం చాలాసార్లు అనుకున్నాను. ఆయన క్యారెక్టర్ ఆర్టిస్టు. హీరోయిన్ తండ్రి, ఊరి ప్రెసిడెంటు, హీరోను అపార్థం చేసుకుని చివర్లో చేతులు పట్టుకుని క్షమించమనే మేనమామ, ఇవన్నీ ఆయన వేషాలే. గోరంత దుఃఖాన్ని కొండంత చేయడంలో ఆయన్ని మించినవాడు లేడు. కూతురి అప్పగింతల సీను పడిందా, ఒక కనుబొమ పైకి, ఒకటి కిందికి, పెదవి వణుకు, గడ్డం వణుకు, చూసేవాళ్ల కుర్చీలు వణికేవి. దర్శకులు “కంట్రోల్ గురువుగారూ, కంట్రోల్” అని బతిమాలుకునేవాళ్లు. ఈయన వింటేగా! “నేల టికెట్టువాడికి కూడా నా బాధ కనపడాలయ్యా” అనేవారు. నేల టికెట్లు పోయి ఎన్నేళ్లయిందో ఆయనకు ఎవరూ చెప్పలేదు.

నేను డబ్బింగ్ ఆర్టిస్టును. తెలుగు రాని హీరోయిన్ల ప్రేమలు, అలకలు, ప్రసవ వేదనలు చాలావరకు నా గొంతులోంచే వచ్చాయి. తెర మీద వాళ్ల పెదాలు చూస్తూ, అవి తెరుచుకున్నప్పుడు తెరిచి, మూసుకున్నప్పుడు మూయడమే నా ఉద్యోగం. అందుకని మనిషి ఎదురుపడితే అందరూ కళ్లు చూస్తారు, నేను పెదాలు చూస్తాను. శ్రీనగర్ కాలనీలో ఒక డాబా మీది గదిలో కాపురం పెట్టిన నాటి నుంచి ఫిల్మ్‌నగర్ ఎత్తు మీద ఈ ఫ్లాటుకు చేరేదాకా మా ఇద్దరికీ పోట్లాట లేని రోజు లేదు. ఆయన మొహంతో పోట్లాడేవారు, నేను గొంతుతో. కింద ఫ్లాటువాళ్లు రిహార్సల్ అనుకునేవాళ్లు.

తర్వాత కాలం మారింది. కొత్త కుర్రాళ్లు వచ్చారు. వాళ్లకు అంతా ‘నేచురల్’గా ఉండాలి. తండ్రి చచ్చిపోయినా కొడుకు నేచురల్‌గా టీ తాగాలి. మావారి ఫోటో చూపిస్తే “సార్ కొంచెం లౌడ్ కదా” అని మర్యాదగా పక్కన పెట్టేవారట. ఫోను మోగడం మానేసింది. ఆయన పొద్దున్నే కేబీఆర్ పార్కుకు నడకకు వెళ్లడం, అక్కడ ఎవరైనా గుర్తుపడతారేమోనని టోపీ తీసి చేత్తో పట్టుకోవడం, ఇంటికొచ్చి ఈ తరానికి నటన తెలియదని నాకు ఉపన్యాసం ఇవ్వడం. ఇలా కొంతకాలం గడిచింది.

అలాంటి రోజుల్లో ఒక దర్శకుడు పిలిచాడు. సిద్దిపేట వైపు నుంచి వచ్చిన కుర్రాడు, వెబ్ సిరీస్ తీస్తున్నాడు. వేషం చిన్నది. కొడుకు పోయాడని తండ్రికి ఫోనులో తెలుస్తుంది, అంతే. ఈయన ఫోను చెవి దగ్గర పెట్టుకున్నారు. విన్నారు. కింద పెట్టారు. మొహంలో ఒక్క గీత కదల్లేదు. రెప్ప కూడా వేయలేదు. దర్శకుడు కళ్లు తుడుచుకుంటూ వచ్చి కాళ్ల మీద పడ్డంత పని చేశాడట.

“ఏం జేసిండ్రు సార్! పాణం పోయినట్టయింది నాకు. గిట్ల ఎవ్వరు జేస్తలేరు సార్ ఇయ్యాల. మీ గురించి ఎవరెవరో ఏందేందో చెప్పిండ్రు, అన్నీ ఉత్త మాటలు.”

ఆ సాయంత్రం మావారు ఇంటికొచ్చి సోఫాలో కూర్చుని, నన్ను పిలిచి ఒక మాటన్నారు. ఆ మాట వినగానే నాకు తట్టాల్సింది.

“ఏమేవ్, నేను మామూలుగానే చేశానే. కనుబొమలు ఎత్తాను, పెదవి వణికించాను, అన్నీ చేశాను. మానిటర్లో చూస్తే ఏమీ లేదు.”

“ఇన్నాళ్లకు బుద్ధొచ్చిందేమో మీ కనుబొమలకు” అన్నాను నేను.

సిరీస్ వచ్చింది. ఏమీ చేయనట్టు ఉంటూనే అంతా చెప్పే నటన, ‘అండర్‌ప్లే’ అంటూ రాసేవాళ్లు ఈయన మౌనం గురించి పేజీలు రాశారు. ఎన్నో ఏళ్లుగా వాణిజ్య సినిమా అణిచిపెట్టిన మహానటుడు ఇప్పుడు బయటపడ్డాడన్నారు. ఇంట్లో నేనుండగా ఆయన్ని అణిచిపెట్టడానికి వాణిజ్య సినిమా ఎందుకో నాకు అర్థం కాలేదు. వేషాలు వరసకట్టాయి. కాళ్లు ఈడుస్తూ నడిస్తే, ఆ నడకలో మధ్యతరగతి ఓటమి మొత్తం ఉందన్నాడు ఒక దర్శకుడు. గొంతు తగ్గిపోతే, డబ్బింగ్ థియేటర్లో ఇంజనీరు మైకు పెంచి “సార్ టోన్ సూపర్” అన్నాడు. నడిచేటప్పుడు ఆయన కుడి చెయ్యి ఊగడం మానేసింది. దానికి కూడా ఒక విమర్శకుడు ఏదో అర్థం చెప్పాడు. ఈయన నమ్మేశారు. పొగడ్తను నమ్మనివాడు ఫిల్మ్‌నగర్‌లో ఇల్లు ఎందుకు తీసుకుంటాడు? నటనా శిక్షణాలయానికి వెళ్లి “ఏమీ చేయకూడదు బాబూ, అదే చేయాలి” అని పిల్లలకు పాఠం కూడా చెప్పి వచ్చారు.

ఇక ఇంట్లో నా అవస్థ వినండి. బయట కట్ చెప్పడానికి దర్శకుడున్నాడు, ఇంట్లో ఎవడున్నాడు? పొద్దున్న లేచినప్పటి నుంచి అదే మొహం. కాఫీ బాగుంటే అదే మొహం, చల్లారిపోతే అదే మొహం. ఒకరోజు ఇంగువ పోపు మాడి ఇల్లంతా పొగ కమ్మింది. నేను దగ్గుకుంటూ కిటికీలు తెరుస్తుంటే ఈయన పక్క గదిలో తాపీగా పేపరు చదువుతున్నారు. “మాడు వాసన రావడం లేదూ?” అంటే “ఏ వాసన?” అన్నారు. సరేలే, మహానటులకు ఇంగువ వాసన కూడా అండర్‌ప్లేలోనే వస్తుంది కాబోలు అనుకున్నాను.

ఆ రాత్రి భోజనాల దగ్గర, స్టూడియోలో జరిగిన తమాషా ఒకటి చెప్పాను. ఆరోజు నేను డబ్బింగ్ చెబుతున్న హీరోయిన్ నా ముందుకొచ్చి, నా గొంతు విని, “ఈ వాయిస్ నాకు సూట్ అవ్వదు” అంది. ఆ పిల్ల మొదటి సినిమా నుంచీ నేనే ఆమె గొంతు. నాకు నవ్వాగక అన్నం పొలమారింది. ఈయన గోడకు తగిలించిన పటంలా చూస్తున్నారు. నాకు ఒళ్లు మండిపోయింది.

“ఏమండీ, మీ అండర్‌ప్లే చెప్పులతో పాటు గుమ్మం బయట వదిలి రండి. ఇంట్లో నాకొక మొగుడు కావాలి, శిలావిగ్రహం కాదు. ఒక్కసారి నవ్వితే మీ సొమ్మేం పోయింది?”

ఆయన నావైపు తిరిగారు. “నవ్వుతూనే ఉన్నాను కదే” అన్నారు.

డైలాగు ఉంది, లిప్పు లేదు. ఆ మాట అన్నప్పుడు పెదాలు తెరుచుకోవాల్సినంత తెరుచుకోలేదు. నవ్వుతున్నానని ఆయన నిజంగానే అనుకుంటున్నారు. నా కోపం ఎటు పోయిందో పోయింది, భయం పట్టుకుంది. అన్ని మాటలు తిట్టినందుకు నాకు ఇప్పటికీ బాధ లేదు. తిట్టకపోతే ఆయన ఆ మాట అనేవారే కాదు, మేం డాక్టరు దగ్గరకు వెళ్లేవాళ్లమే కాదు.

నరాల డాక్టరు మావారిని చూడగానే లేచి నిలబడ్డాడు. “ఆ ఫోన్ సీన్‌కి మా ఇంట్లో అందరం ఏడ్చామండీ! నేనైతే రెండుసార్లు చూశాను” అంటూ నర్సును పిలిచి సెల్ఫీ తీయించుకున్నాడు. ఆ తర్వాత బొటనవేలికి చూపుడువేలు తగిలిస్తూ ఆడించమన్నాడు. గదిలో అటూ ఇటూ నడవమన్నాడు. సంతకం చేయమంటే, పేజీ సగం ఆక్రమించే మావారి సంతకం చీమంత వచ్చింది. వాసనలు తెలుస్తున్నాయా అని అడిగాడు. నేను ఇంగువ సంగతి చెప్పాను. డాక్టరు మొహంలో అభిమాని వెళ్లిపోయి డాక్టరు వచ్చాడు. పార్కిన్‌సన్స్ అన్నాడు. తలవంచుకుని, “రోజూ ఇలాంటి మొహాలే చూస్తుంటానమ్మా. అయినా ఆ సీన్లో నాకు తట్టనే లేదు” అన్నాడు. పాపం, ఆయన్ని ఏమనగలం? తెర మీద మొహం కదలకపోతే నటన, ఓపీలో కదలకపోతే రోగం.

మెదడు కణాల్లో ప్రోటీన్ పేరుకుపోవడం వల్ల ఇలా జరుగుతుందన్నాడు. నేను వెంటనే “పప్పు మానేయమంటారా?” అని అడిగాను. కాదట. తిండిలోది కాదు, మన ఒంట్లో కణాలు స్వయంగా తయారుచేసుకునేది. ప్రతి ప్రోటీనూ ఒక పొడుగాటి దారంలా పుడుతుందట. దానికి రాసిపెట్టిన తీరులో మడత పడితేనే పనికొస్తుంది. ఎప్పుడో ఒకటి తప్పుగా మడత పడుతుంది. మామూలుగా కణం దాన్ని ఏరి పారేస్తుంది. వయసు మీద పడ్డాక ఆ ఏరివేత మందగిస్తుంది. అప్పుడు ఆ తప్పు మడతది ఊరుకోకుండా పక్కదాన్ని కూడా తనలాగే మడత పెడుతుంది, అది ఇంకోదాన్ని. అన్నీ అతుక్కుని ముద్దలవుతాయి. మెదడులో కదలికలను నడిపించే కణాలు ఆ ముద్దలతోనే ఒక్కొక్కటిగా చచ్చిపోతాయి. మతిమరుపు జబ్బులో కూడా కథ ఇలాంటిదే, ప్రోటీన్లు వేరు, చోటు వేరు అన్నాడు. మావారి ప్రోటీన్ పేరు కూడా చెప్పాడు. ఎన్ని భాషల హీరోయిన్లకు గొంతిచ్చానో, ఆ ఒక్క మాటకు నాకు నోరు తిరగలేదు.

“అర్థమైందామ్మా?” అన్నాడు.

“బాగా అర్థమైంది బాబూ. ఒకడు తప్పు చేయడం, పక్కవాళ్లంతా వాణ్ణి చూసి అదే చేయడం, ఆఖరికి అందరూ కలిసి మునగడం. మా ఇండస్ట్రీలో ప్రతి శుక్రవారం చూస్తుంటాం” అన్నాను. నోరలా వాగుతోంది గానీ, బల్ల కింద ఆయన చొక్కా అంచు పట్టుకుని వదల్లేదు నేను.

మాత్రలు రాశాడు. ఆ మందు ముద్దల్ని కరిగించదు, జబ్బు నడకనూ ఆపదు. చచ్చిన కణాలు ఇవ్వాల్సిన రసాయనాన్ని తాను ఇచ్చి మనిషిని నడిపిస్తుంది. కొన్నేళ్లు బాగా పనిచేస్తుంది, ఆ తర్వాత దాని పట్టు తగ్గుతుంది. వేళ తప్పకూడదు, చెప్పకుండా మానకూడదు. మాంసం, పప్పు గట్టిగా తిన్న వెంటనే వేసుకుంటే సరిగా ఒంటబట్టదు కాబట్టి భోజనానికి ముందే వేసుకోవాలి. అక్కడ కూడా ప్రోటీనే అడ్డం. ఈ ప్రోటీనుకు మా మీద ఏ జన్మ పగో!

మాత్రలు మొదలుపెట్టిన కొద్ది వారాలకు, ఒక ఉదయం ఉప్మాలో ఉప్పు ఎక్కువైంది. మావారు మొహం చిట్లించారు. నా పెళ్లినాటి నుంచి నా వంటకు మొహం చిట్లించినందుకు ఆయన మీద కారాలు మిరియాలు నూరినదాన్ని, ఆరోజు వంటింట్లోకి వెళ్లి దేవుడి పటానికి దణ్ణం పెట్టుకున్నాను.

సంతోషం ఎన్నాళ్లు? సిద్దిపేట కుర్రాడు ఈసారి పెద్ద సినిమా తీస్తున్నాడు, మావారిది ముఖ్యమైన తండ్రి పాత్ర. మొదటిరోజు షూటింగులోనే మానిటర్ దగ్గర తల గోక్కుంటూ నిలబడ్డాడట.

“సార్, ఇయ్యాల జర ఎక్కువైతున్నది. మునుపు జేసిండ్రు చూడండ్రి, గట్లనే గావాలె నాకు.”

ఆ మర్నాటి నుంచి షూటింగు ఉన్న రోజుల్లో మావారు మాత్రలు మానేశారు. దాచి మోసం చేయలేదు, నా మొహం మీదే చెప్పారు. నేను అరిచాను, ఏడ్చాను, డాక్టరుకు చెబుతానన్నాను.

“పెదవి దాటితే పృథివి దాటుతుంది, ఎవరికీ చెప్పకు. జబ్బు మనిషని తెలిస్తే ఒక్కడు పిలవడు” అన్నారు.

“పిలవకపోతే పోనీండి. బిగుసుకుపోయి ఎక్కడైనా పడితే? అయినా అది మీ నటన కాదండీ, మీ రోగం!”

“నాకు తెలియదంటావా?” అన్నారాయన. గొంతు ఎంత చిన్నదయిపోయిందంటే దగ్గరికి జరిగి వినాల్సి వచ్చింది. “బతుకంతా కంట్రోల్ కంట్రోల్ అనిపించుకున్నానే. నటుడు అని ఇప్పుడే కదా అన్నారు. ఎందుకన్నా అననీ. ఈ ఒక్క సినిమా చేసుకోనీ.”

నాకు కావాల్సిన మొహం ఒకటి, లోకానికి కావాల్సిన మొహం ఒకటి. రెండూ ఒకే మాత్రకు అటూ ఇటూ ఉన్నాయి. ఆయన లోకం వైపు మొగ్గారు. మాత్రలు హ్యాండ్‌బ్యాగులో వేసుకుని షూటింగుకు ఆయన వెంట వెళ్లడం మొదలుపెట్టాను.

జూబ్లీహిల్స్‌లో షూటింగులకు అద్దెకిచ్చే ఒక బంగళాలో పెళ్లి సెట్టు వేశారు. కూతురి అప్పగింతలు. తండ్రి కుర్చీలో కూర్చుని ఉంటాడు. కూతురు కాళ్లకు దణ్ణం పెడుతుంది. ఆయన లేచి, ఆమె చెయ్యి అల్లుడి చేతిలో పెట్టాలి. మాటలు లేవు. ముందురోజు నుంచీ మావారు మాత్ర ముట్టలేదు. నేను దర్శకుడి వెనక, మానిటర్ దగ్గర నిలబడ్డాను. యాక్షన్ అన్నారు. కూతురి వేషంలో ఉన్న అమ్మాయి వచ్చింది, వంగింది, దణ్ణం పెట్టింది. మావారు లేవలేదు.

సినిమా సెట్లో ఒక నియమం ఉంది. దర్శకుడు కట్ చెప్పేదాకా ఎవరూ ఫ్రేములోకి అడుగుపెట్టకూడదు. లైటు పడిపోయినా సరే, మూర్ఛ వచ్చినా సరే. దర్శకుడు కట్ చెప్పలేదు. ఊపిరి బిగబట్టి చూస్తున్నాడు. ఆ అమ్మాయి తెలివైనది, తండ్రి మోకాళ్ల మీద తల పెట్టి వెక్కి వెక్కి ఏడవడం మొదలుపెట్టింది. ఈయన చేతులు కుర్చీ కోళ్ల మీద అలాగే ఉన్నాయి. మొహం రాయి. సెట్లో లైట్‌బాయ్‌ల దగ్గర్నుంచి ప్రొడ్యూసరు దాకా అందరి కళ్లలో నీళ్లు. దర్శకుడైతే “అబ్బ, ఏం మనిషి!” అని గొణుక్కుంటున్నాడు. నేను మానిటర్లో మావారి పెదాలు చూశాను. కదిలీ కదలనట్టు ఏదో అంటున్నాయి. మైకుకు అందని గొంతు. ఆ సీనులో ఆయనకు డైలాగే లేదు. ఇంకోసారి కదిలాయి.

“లేవలేకపోతున్నానే” అంటున్నారు. నాతోనే అంటున్నారు.

నేను కేబుళ్లు దాటుకుంటూ నేరుగా ఫ్రేములోకి నడిచాను.

“అమ్మా! ఏం జేస్తున్నరమ్మా? టేకు నడుస్తున్నది!” దర్శకుడు వెనక నుంచి అరిచాడు.

“నీ టేకు తగలెయ్య! మనిషి లేవలేకపోతున్నాడురా, కనపట్టంలా?” అన్నాను. నలభై ఏళ్లలో ఏ దర్శకుణ్ణీ అలా అనలేదు.

కూతురు, అల్లుడు వేషాల్లో ఉన్న ఇద్దరూ నోళ్లు తెరుచుకుని చూస్తుండగా మాత్ర వేసి నీళ్లు తాగించాను. ఆయన చెయ్యి పట్టుకుని పక్కనే పెళ్లి తివాచీ మీద కూర్చున్నాను. యూనిట్టంతా దూరంగా జరిగింది. మెల్లగా వేళ్లు వదులయ్యాయి, తర్వాత మెడ. చాలాసేపటికి ఆయన లేచి నిలబడ్డారు. దర్శకుణ్ణి దగ్గరకు పిలిచి, ఎవరికీ చెప్పనని మాట తీసుకుని, జబ్బు పేరు తన నోటితోనే చెప్పారు. ఆ కుర్రాడి మొహం పాలిపోయింది.

“ఎప్పటికెళ్లి సార్?”

“నువ్వు ఆ ఫోను సీను తీసినప్పటికే ఉంది నాయనా.”

కుర్రాడు అక్కడే నేల మీద కూలబడ్డాడు. తల పట్టుకున్నాడు, క్షమించమన్నాడు, కళ్లనీళ్లు పెట్టుకున్నాడు. మంచివాడే. కాసేపటికి కళ్లు తుడుచుకుని, నాకు వినపడకూడదని గొంతు తగ్గించి అడిగాడు.

“సార్, ఏమనుకోకుండ్రి. గా షాటు వాడుకోవచ్చునా?”

“వాడుకో. మా ఆవిడ రాకముందు దాకా” అన్నారు మావారు.

సినిమా విడుదలైంది. ఆ షాటుకు హాల్లో జనం ఏడ్చారట. మేం వెళ్లలేదు. దర్శకుడు మాట నిలబెట్టుకుని జబ్బు సంగతి ఎవరికీ చెప్పలేదు. దాంతో ఒక పొద్దున్న పెద్ద కంపెనీ నుంచి ఫోను వచ్చింది. మావారు స్పీకరులో పెట్టారు. లేవని తండ్రి ఎలా ఉన్నాడో అచ్చం ఆ మొహమే కావాలట, సినిమా మొత్తం. నేను కూరగాయలు తరుగుతున్న కత్తి అలాగే పట్టుకుని నిలబడిపోయాను.

“ఆ మొహం నా దగ్గర లేదండీ” అన్నారు మావారు. “అది పార్కిన్‌సన్స్. ఇప్పుడు వేళకు మాత్రలు వేసుకుంటున్నాను. మొహమంతా కదులుతోంది.”

అటువైపు నుంచి ఆరోగ్యం జాగ్రత్త అన్నారు, తప్పకుండా మళ్లీ కలుద్దామన్నారు. అలా అన్నవాళ్లు మళ్లీ కలవరని మా ఇద్దరికీ తెలుసు. ఆ మధ్యాహ్నానికే ఊరంతా తెలిసిపోయింది. ఇక ఎవరూ ఫోను చేయలేదు.

“ఎందుకు చెప్పారు? కుదరదని ఊరుకుంటే పోయేదిగా” అన్నాను.

“డాక్టరు కొన్నేళ్లే అన్నాడు కదే. ఆ తర్వాత ఇది ఎలాగూ బిగుసుకుపోతుంది. అప్పుడు ఎవరికి కావాలంటే వాళ్లు తీసుకోనీ” అన్నారు. “ఈలోగా నా దగ్గరున్న డేట్స్ అన్నీ నీకిచ్చేశాను.”

కత్తి పక్కన పెట్టి, అక్కడే కూర్చుని ఏడ్చాను. ఆయన నా మొహంలోకి చూస్తూ నవ్వుతున్నారు.